తెర లేవడానికి పట్టినంతసేపు

మా మావయ్యది రేపల్లె. అమ్మకి తమ్ముడు. పద్య నాటకాల్లో రాజు వేషం కట్టేవాడు. ఎనభైల్లో ఆయన నాటకమంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చాపలు చంకన పెట్టుకుని వచ్చి, తెల్లవార్లూ కదిలేవాళ్ళు కాదు. తొంభైలు అయిపోవస్తుండగా ఆయన గొంతుకి ఏదో తేడా చేసింది. ఆపరేషన్ తప్పదు, తరవాత మాట వస్తుందో రాదో చెప్పలేమన్నారు డాక్టర్లు.

నేనప్పుడు తెనాలిలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. ఆపరేషన్‌కి ముందు మావయ్య ఒక క్యాసెట్ పట్టుకుని వచ్చాడు. ఎప్పుడో బాపట్లలో పాడిన పద్యం, జనం చప్పట్లతో సహా ఉంది అందులో.

"ఏమే, ఇంటర్నెట్టులో పెడితే ఎక్కడివాళ్ళైనా వినొచ్చటగా! నా గొంతు అందులో పెట్టెయ్యి. రేపు నాకు లేకపోయినా జనానికి ఉంటుంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను క్యాసెట్ అందుకున్నాను.

చచ్చీచెడీ వెబ్‌సైట్ తయారుచేశాను. టేప్‌రికార్డర్ నుంచి కంప్యూటర్‌కి వైరు తగిలించి పద్యాన్ని ఎక్కించాను. తెలుగు అక్షరాలు అందరి కంప్యూటర్లలోనూ కనబడని రోజులవి. అందుకని సినిమా బ్యానర్లు రాసే ఆయన చేత మావయ్య పేరు రాయించి, స్కాన్ చేసి, బొమ్మగా పెట్టాను. పేజీ తెరవగానే పేరు, కింద ఒక మీట, నొక్కితే గొంతు. అంతే.

చూసి మొహం చిట్లించాడు.

"ఇదేంటే? తెర లేవకముందే, ప్రార్థన అవకముందే రాజు వచ్చేస్తాడా? సంతలో ఉల్లిపాయలు అమ్మేవాడిలాగా!"

"ఇది నాటకం కాదు మావయ్యా. ఫోను లైను మీద బొమ్మలు నత్తనడక నడుస్తాయి. నెట్ సెంటర్లో అరగంటకింతని కట్టి కూర్చున్నవాడు ఆగడు."

"ఎందుకాగడు? నా కోసం వానలో ఆగారే పిల్లా!"

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఈయన రాజూ, మొండివాడూ కూడా. ఇంక చెప్పేదేముంది! మొదటి పేజీలో ఎర్ర మఖమల్ తెర బొమ్మ పెట్టాను. రెండో పేజీలో దీపం, ప్రార్థన. ఆ తరవాత హార్మోనిస్టుకీ, మేకప్ ఆయనకీ ఫోటోలతో సహా నమస్కారాలు. అవన్నీ దాటి వెళ్తే కిరీటంతో మావయ్య, ఆయన గొంతు. అంతా చూసుకుని "ఇప్పుడు కుదిరిందే" అని నా నెత్తిన చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి చల్లదనానికి ఇంక పేజీలు ముట్టుకోకుండా అలాగే ఉంచేశాను. ఇంకొక్కసారి పోట్లాడి ఉంటే ఏం పోయేదని ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. మెడకి కండువా చుట్టుకుని, చేతిలో పిల్లలు రాసుకునే పలక పట్టుకుని ఒక మధ్యాహ్నం తెనాలి వచ్చాడు. తన పద్యం వినాలట. నా కంప్యూటర్లో ఉన్న ఫైలు వినిపించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

'జనం వినేట్టే వింటా' అని పలక మీద రాశాడు.

సరేనని ఫోను లైను మీద ఇంటర్నెట్ కలిపాను. ఎర్ర తెర పైనుంచి ముక్కముక్కగా దిగుతోంది. సగంలో లైను తెగింది. మళ్ళీ కలిపాను. మళ్ళీ తెర. దీపం. హార్మోనిస్టు జుట్టు వచ్చింది, మొహం రాలేదు. ముందుకు వంగి కూర్చున్న మావయ్య కాస్తా వెనక్కి వాలాడు. గోడ గడియారం వంక చూశాడు. రేపల్లె బండికి టైమవుతోంది. పలక తుడిచి మళ్ళీ రాశాడు.

'జనం కూడా ఇంతసేపు కూర్చోవాలా?'

"లైను బాగుంటే ఇంతసేపు పట్టదు మావయ్యా" అన్నాను.

నా మొహంలోకి చూశాడు. జన్మంతా వేషాలు కట్టినవాడి ముందా నా వేషం! నా భుజం తట్టి, పలక చంకన పెట్టుకుని స్టేషన్‌కి బయల్దేరాడు.

నేను ఆపబుద్ధి కాక అలాగే కూర్చున్నాను. కాసేపటికి కిరీటం కనబడింది. మీట నొక్కాను. ఇంకొంతసేపటికి రాగం అందుకున్నాడు మావయ్య. పైకి, ఇంకా పైకి, ఆ పాత గొంతే! "మావయ్యా!" అని కేకపెడుతూ వీధిలోకి పరిగెత్తాను. వీధి చివరిదాకా వెళ్ళి చూశాను. ఆయన లేడు.

తిరిగొచ్చేసరికి పద్యం అయిపోయింది. ఖాళీ గదిలో స్పీకర్లలోంచి బాపట్ల జనం చప్పట్లు కొడుతూ "వన్స్ మోర్! వన్స్ మోర్!" అని అరుస్తున్నారు.