తన పేరు తానే అరిచిన మనిషి

క్లెమ్ ఆర్మరాడ్ పదిహేనేళ్లకు నేతమిల్లులో చేరాడు. పద్దెనిమిదికి బయటపడ్డాడు. అక్కడ నేర్చుకున్నది ఒక్కటే: మగ్గాల మోతను మించి వినబడేలా అరవడం.

తరువాత హార్‌క్లఫ్ టౌన్ ఫుట్‌బాల్ జట్టుకు పదహారేళ్లు ఆడాడు. వెనక వరసలో మధ్యన, ఐదో నంబరు చొక్కా. ఐదు వందల పదకొండు ఆటలు. ముక్కు మూడుసార్లు విరిగింది. రెండుసార్లు నేనే సరిచేశాను. నేను ఆ జట్టుకు బకెట్టు మనిషిని. మైదానంలో ఎవరు పడినా చన్నీళ్లు, స్పంజి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి.

బంతి గాల్లోకి లేచినప్పుడు అది ఎవరిదో ముందే తేలాలి. లేకపోతే రెండు తలలు ఢీకొంటాయి, బంతి ఎదుటివాడి పాలవుతుంది. "నాది" అంటే చాలదు. ఎవడు ఆ నేను? అందుకని మా ఆటలో మనిషి తన పేరే అరుస్తాడు. "క్లెమ్‌ది!" అన్న కేక వినబడితే మిగతా పదిమందీ తప్పుకునేవారు. రైలు గేటు దగ్గర నిలబడ్డవాళ్లకు స్కోరు తెలియకపోయినా, క్లెమ్ ఆడుతున్నాడని తెలిసేది.

పందొమ్మిది వందల డెబ్బైలో పాత మేనేజరు వెళ్లిపోయాడు. క్లబ్బు పెద్దలు ఆ పని క్లెమ్‌కే ఇచ్చారు. అతను ఆడటం మానలేదు. ప్రతి శుక్రవారం జట్టు పేర్లు రాసేటప్పుడు మొదట తన పేరే రాసుకునేవాడు.

ఆ చలికాలంలో అతని మోకాలు పోయింది. కేక ఎప్పటిలాగే బంతిని అందుకునేది. మనిషి అందుకునేవాడు కాదు. మిగతావాళ్లు మాత్రం అలవాటుగా తప్పుకునేవారు. గోల్ మీద గోల్ పడింది.

మే నెలకు ఒక్క ఆట మిగిలింది. సమం చేస్తే మూడో డివిజన్‌లో ఉంటాం. ఓడితే నాలుగో దానికి పడిపోతాం, క్లెమ్ ఉద్యోగం కూడా పోతుంది. మా ఛైర్మన్ లీమింగ్ గారిది మాంసం కొట్టు. ఆ మాట ఆయన కత్తి దించినట్టే చెప్పాడు.

శుక్రవారం క్లెమ్ నా ముందు బల్ల మీద కాలు చాపాడు.

"మోకాలు ఎలా ఉంది విల్ఫ్?"

"నీ మోకాలి సంగతి నన్నడుగుతావేంటి?"

"అది నాతో నిజం చెప్పదు."

"అయితే నేను చెప్తా. పనికిరాదు."

అతను తిట్టలేదు. ఐదో నంబరు ఎదురుగా నెవిల్ స్టాట్ పేరు రాశాడు. ఇరవై నాలుగేళ్లవాడు, పొడగరి, మైదానంలో ఇంకా నోరు విప్పనివాడు. పన్నెండో నంబరు దగ్గర తన పేరు రాసుకున్నాడు. ఆ రోజుల్లో మార్చుకోవడానికి ఉండేది ఆ ఒక్క మనిషే.

శనివారం స్కెల్బీ జట్టు వచ్చింది. క్లెమ్ బూట్లు తొడుక్కుని, పైన పొడవాటి కోటు వేసుకుని గీత పక్కన నిలబడ్డాడు. అరగంటలో మేమొక గోల్ కొట్టాం. డెబ్బయ్యో నిమిషం దాకా అంతా బాగానే ఉంది.

అప్పుడు స్కెల్బీ వాళ్లు మా గోల్ ముందుకు ఎత్తుగా ఒక బంతి కొట్టారు. నెవిల్ కింద సిద్ధంగా ఉన్నాడు.

"క్లెమ్‌ది!"

కేక గీత బయటినుంచి వచ్చింది. నెవిల్ తప్పుకున్నాడు. గోల్‌కీపరూ ఆగిపోయాడు. స్కెల్బీ మనిషి ఒంటరిగా లేచి తలతో లోపలికి నెట్టాడు. ఒకటి ఒకటి.

వెనక మెట్ల మీంచి ఎవడో అన్నాడు.

"ఏ క్లెమ్‌దిరా నాయనా? కోటులో ఉన్న క్లెమ్‌దా?"

జనం నవ్వారు. ఏడవలేక నవ్వారు. ఆ వెంటనే అరుపులు మొదలయ్యాయి.

"క్లెమ్, కోటు విప్పు!"

"ఎటూ అరుస్తున్నావుగా, దిగి అరువు!"

క్లెమ్ పై బొత్తాం విప్పాడు. రెండోది విప్పుతుండగా నెవిల్ గీత దగ్గరికి వచ్చాడు. మొహం ఎర్రబడి ఉంది.

"బాస్, లోపలుంటే లోపలుండండి. బయటుంటే బయటుండండి. నా ఒక్క తలకి ఇద్దరం వద్దు."

అతను అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. క్లెమ్ చెయ్యి బొత్తాం మీదే ఆగింది.

"నీకో పేరుంది కదా?"

"ఉంది."

"మరి నేనెప్పుడూ వినలేదేం?"

రిఫరీ ఈల ఊదాడు. నెవిల్ వెనక్కి పరిగెత్తాడు. క్లెమ్ బొత్తాలు పెట్టుకుని, వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

ఇంకా పదిహేను నిమిషాలు మిగిలాయి. బంతి మళ్లీ లేచింది. క్లెమ్ నోరు తెరిచాడు, మూసుకున్నాడు. నా మోచెయ్యి పట్టుకుని నలిపాడు.

"నెవిల్‌ది!"

నెవిల్ గొంతు మధ్యలో చీలింది. కానీ అందరూ తప్పుకున్నారు. బంతి సగం మైదానం దాటింది. ఆ తరువాత ఇంకా ఏడుసార్లు లేచింది. చివరి రెండుసార్లు గొంతు చీలలేదు. ఆట సమంగా ముగిసింది. మూడో డివిజన్‌లోనే ఉన్నాం.

సోమవారం ఉదయం క్లెమ్ మేనేజరు గదిలో కూర్చున్నాడు. ఏటా మే నెలలో వచ్చే ఏడాదికి ఎవరిని ఉంచుకుంటారో, ఎవరిని వదిలేస్తారో రాసి లీగుకు పంపాలి. వదిలేసేవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పడం అతని పద్ధతి. లీమింగ్ గారు చుట్ట వెలిగించుకుంటూ తొంగిచూశాడు.

"ఆటగాడిగా నీ పేరు కూడా ఉంచుకో క్లెమ్. అవసరానికి ఉంటుంది."

"అదే వద్దండీ. ఉంటే వాడేస్తాను."

వదిలేసేవాళ్ల వరసలో మొదట తన పేరు రాశాడు. వంకర లేకుండా, నిదానంగా రాశాడు. సిరా ఆరేదాకా ఆగాడు.

"బాధేమన్నా ఉందా?" అన్నాను.

"ముప్పై నాలుగేళ్లు, మోకాలు లేదు, ఎవరి మాటా వినడు. నువ్వైతే ఉంచుకుంటావా?"

"ఉంచుకోను."

"అదీ సంగతి. తరువాతివాణ్ణి పిలువు."