అప్పడాల కర్రతో నడిచిన ఒంటె

1974 క్రిస్మస్ నాటకంలో మా ఒంటె యోసేపు మీద పడింది. యోసేపుకి దెబ్బేమీ తగల్లేదు కానీ గడ్డం ఊడిపోయింది. తిరువూరులో మా చర్చి నిండా ఉన్న జనం ఒక్కసారిగా నవ్వారు. పాస్టరు గారు కూడా ఆపుకోలేక బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వనివాళ్లం ముగ్గురం: ఒంటెని చేసిన మావారు, ఆయన తల్లి, నేను.

మావారు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. నేను ఆడపిల్లల స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఆయనది కంటి కొలత. నాకు స్కేలు పెట్టి చూడందే తృప్తి ఉండదు. ఆ ఒంటె నా నడుం ఎత్తు ఉండేది. వెదురుబద్దల ఒళ్లు, పైన గోనెపట్టా, కాలికొక మోటారు. ఆ మోటార్లు విజయవాడలో పాత సామాన్ల కొట్లో కొన్నవి, లారీ అద్దాలు తుడిచే వైపర్లవి. ఏ కాలు ఎప్పుడు లేవాలో చెప్పేది మా అత్తగారి అప్పడాల కర్ర. దాని చుట్టూ రాగిరేకు ముక్కలు కొట్టి, ఒక బొమ్మకారు మోటారుతో నెమ్మదిగా తిరిగేట్టు పెట్టారాయన. రాగి తగిలినప్పుడల్లా ఒక రిలే, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చి, టక్కున పట్టుకుని ఆ కాలి మోటారుని తిప్పేది. రాగి దాటిపోగానే వదిలేసేది. వీటన్నిటికీ కలిపి కడుపులో రెండు మోటారుసైకిలు బ్యాటరీలు ఉండేవి.

పడిపోయిన ఒంటె మంచం కిందకి పోయింది. మావారికి గడ్డం గీసుకుంటూ కీర్తనలు ఈల వేసే అలవాటు ఉండేది. అదీ ఆగిపోయింది. వేళకి స్కూలుకి పోయేవారు, వేళకి వచ్చేవారు. "ఏవండీ, ఒంట్లో ఎలా ఉంది?" అంటే "బాగానే ఉందిగా" అనేవారు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఇంట్లో ఈల వినపడకపోతే అంత వెలితిగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

మరుసటి ఏడు నవంబరులో, నేను అడగకుండానే, ఆయన ఒంటెని మంచం కింద నుంచి లాగి దుమ్ము దులిపారు. ఆ వారమే సంఘపెద్ద మా ఇంటికొచ్చారు. బజారులో సైకిలు షాపు ఆయన. మనిషి మంచివాడే, నాలుకే కాస్త పదును.

"మాస్టారూ, ఈ ఏడు మామూలు ఒంటె పెట్టుకుందామండి" అన్నారు. మామూలు ఒంటె అంటే దుప్పటి కింద ఇద్దరు మగాళ్లు.

"మళ్లీ చేస్తున్నానండి. ఈసారి నడుస్తుంది" అన్నారు మావారు.

"నడవదని నేను అన్లేదు. పోయినేడూ నడిచింది, యోసేపు మీదికి. యోసేపు వేసినాయన ఈ ఏడు తలగుడ్డలో తువ్వాలు మడిచి పెట్టుకుంటానంటున్నాడు."

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. డిసెంబరు 14, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో ఒంటెని నడిపి చూపించాలి. నడిస్తే నాటకంలో ఉంటుంది.

ఆయన వెళ్లాక మావారు నాతో మెల్లగా అన్నారు: "ఈసారి కూడా పడితే ఇంక వద్దులే. మోటార్లు పాత ఇనుముకి వేసేద్దాం. ఇలాంటి పనులు మళ్లీ పెట్టుకోను." ఆయన అన్నమాట మీద నిలబడే మనిషి. నాకు భయం వేసింది. నాటకం గురించి కాదు. చేతులతో ఏదో ఒకటి చేయకుండా ఆయన ఎలా బతుకుతారో నేను ఒక ఏడాది పాటు చూశాను.

మరమ్మతు మొదలైంది. ఒంటె కడుపుకింద స్టూలు పెట్టి, కాళ్లు గాల్లో వేలాడేట్టు నిలబెట్టేవాళ్లం. అప్పుడు ఎంత చక్కగా నడిచేదో. ఒకటి దించి ఒకటి, వరసగా నాలుగు కాళ్లూ. స్టూలు తీసి నేలమీద పెడితే మూడు నాలుగు అడుగులు వేసి ఒక కాలు ఎత్తడం మరిచిపోయేది. ఆ వెంటనే పక్కకి వాలేది. మావారు రాగిరేకులు ఊడదీసి మళ్లీ కొట్టారు. స్టూలు మీద మళ్లీ బాగానే నడిచింది. నేలమీద మళ్లీ పడింది.

మా పెద్ద టీచరమ్మని అడిగి స్కూలు లేబరేటరీ నుంచి వోల్టుమీటరు తెచ్చాను. ఒంటె నిలబడి ఉండగా బ్యాటరీలు చూస్తే పన్నెండున్నర వోల్టులు. ఉండాల్సినంతా ఉంది. తప్పు కర్రలో ఉందని ఆయనతో గట్టిగా చెప్పాను. ఆయన మళ్లీ రేకులు ఊడదీశారు.

అత్తగారు వడ్లు ఎండబోస్తూ ఇదంతా చూస్తున్నారు. ఎండలో ఆమె వడ్లతో పాటు ఒక చాటలో రేడియో సెల్సు కూడా పెట్టేవారు. నీరసపడ్డ సెల్సు ఎండబెడితే మళ్లీ పనికొస్తాయని ఆమె నమ్మకం. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో అలాగే చేసేవాళ్లు. సైన్సు టీచరుని కదా, నాకు నవ్వొచ్చేది. మీటరు ఇంటికి వచ్చిందే చాలని ఆమె చాట తెచ్చి నా ముందు పెట్టారు.

"చూడమ్మాయ్, నీ మిషన్ ఏమంటదో."

ఒక్కొక్క సెల్లూ చూశాను. ఒకటిన్నరకి అటూ ఇటూగా ముల్లు లేచింది. కొత్తవాటికీ వీటికీ పెద్ద తేడా లేదు. "నిండుగానే ఉన్నాయి" అని ఒప్పుకోక తప్పలేదు.

"ఏం చదువులో" అన్నారు అత్తగారు, చాట ఎత్తుకుపోతూ.

ఆ సాయంత్రం మావారు ఒంటెని నేలమీద నడిపిస్తుంటే, మీటరు తీగలు పట్టుకుని నేనూ పక్కన వంగి నడిచాను. ఒక కాలు ఒంటె బరువు మొయ్యగానే ముల్లు పన్నెండు నుంచి ఎనిమిదికి పడిపోయింది. సరిగ్గా అప్పుడే పక్క కాలు రిలే పట్టుకోవాలి. దానికి బలం చాలక కిర్రుమని ఊరుకుంది. కాలు లేవలేదు. స్టూలు మీద కాళ్లకి బరువు లేదు కాబట్టి అక్కడ ఈ తిప్పలు లేవు. కర్ర ఏ తప్పూ చెయ్యలేదు. కాళ్లూ, కాళ్లకి ఆజ్ఞ ఇచ్చే కర్రా ఒకే కంచంలో తింటున్నాయి. కాళ్లు ఎక్కువ లాక్కుంటే కర్రకి మిగలడం లేదు.

"వేరు కాపురం పెట్టిద్దాం" అన్నారు మావారు. ఏడాది తర్వాత ఆయన నోట నేను విన్న మొదటి పరాచికం అది.

బ్యాటరీలు కాళ్లకి వదిలేసి, కర్రకీ రిలేలకీ ఎనిమిది కొత్త టార్చి సెల్సు కొని వేరే పెట్టెలో పెట్టాం. శుక్రవారం సాయంత్రం ఒంటె వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. అత్తగారు అడ్డం వచ్చిన కోడిని అదిలించి దానికి దారిచ్చారు.

శనివారం మధ్యాహ్నం మళ్లీ పెట్టాం. పది అడుగులు వేసింది. కర్ర తిరగడం నెమ్మదించింది. రిలేలు కిర్రుమన్నాయి. ముందుకాలు గాల్లో ఉండగానే వెనకకాలు లేచి, ఒంటె నా ఒళ్లో పడింది.

మావారు లేచారు. స్క్రూడ్రైవరు గూట్లో పెట్టి, చేతులు కడుక్కుని, చొక్కా వేసుకున్నారు. ఒంటె లేదని సంఘపెద్దకి చెప్పి రావడానికే ఆ చొక్కా అని నాకు అర్థమైంది.

"ఆగండి" అన్నాను. సెల్సు పెట్టెలో ఉన్నట్టుగానే కొలిచాను. దాదాపు పన్నెండు వచ్చింది. ఊరికే ఉన్నప్పుడు కొలిచిన అంకె మొదటి నుంచీ నన్ను మోసం చేస్తూనే ఉంది. ఈసారి ఆయన్ని పిలిచి, "కర్రని తిప్పండి, తిరుగుతుండగా చూస్తా" అన్నాను. ఆయన మనసులేకుండానే తిప్పారు. ముల్లు ఏడుకి జారింది. అలా తిరుగుతుండగానే ఒక్కో సెల్లూ చూశాను. అయిదు గట్టిగా ఉన్నాయి. మూడు సున్నా దగ్గరికి పడుకున్నాయి. పెట్టె వెలుగులోకి తిప్పితే ఆ మూడింటి రేకు వెలిసిపోయి ఉంది. మేము కొన్నవి కావు.

"అత్తయ్యా, ఈ సెల్సు మార్చారా?"

"మార్చాను" అన్నారామె, చెరిగే చాట దించకుండానే. "రేపు ఆదివారం. పొద్దున్నే రేడియోలో వాక్యం వినొద్దా? కొత్తవి దాంట్లో వేసి, ఎండబెట్టినవి దీంట్లో వేశా. నువ్వే చూశావుగా, నిండుగా ఉన్నాయన్నావు."

అన్నాను. మీటరు అన్నది, నేను అన్నాను. పని లేనప్పుడు కొలిస్తే నిండుగానే ఉన్నాయి. ఎండ వాటికి పైకి కాస్త ఊపిరి పోసింది కానీ, పని మొయ్యడానికి లోపల సత్తువ లేదు. మీటరు తీగలు రెండూ పెట్టి, కర్ర ఆపి ఒకసారి, తిప్పి ఒకసారి ఆమెకి చూపించాను. ఆమె చాట పక్కన పెట్టి, వంగి, ముల్లు లేవడం, పడడం రెండుసార్లు చూశారు.

"అంతేగా మరి" అన్నారు. "పని చెప్పకుండా ఎలా ఉన్నావని అడిగితే, ఎవరైనా బాగానే ఉన్నాననే అంటారు."

అని కొడుకు వంక చూశారు. ఆయన చొక్కా విప్పి మేకుకి తగిలించారు. అత్తగారు లోపలికెళ్లి రేడియో వెనక మూత తీసి, మూడు సెల్సు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

"ఒరేయ్, రేపు వాక్యం చర్చిలోనే వింటాలే. నీ ఒంటె మాత్రం పడగూడదు."

ఆదివారం ఆరాధన అయ్యాక జనం ఇళ్లకి పోలేదు. వరండాకి రెండు పక్కలా నిలబడ్డారు. యోసేపు వేసే ఆయన దూరంగా స్తంభం చాటున ఉన్నాడు. మావారు స్విచ్చి వేశారు. కడుపులో రిలేలు టక్ టక్ మంటుండగా ఒంటె వరండా పొడవునా నడిచింది. కాస్త ఊగుతూ, తొందర లేకుండా, అచ్చం చాలా దూరం నుంచి వచ్చిన జంతువులాగా. ఎవరూ నవ్వలేదు. చర్చి గడప దగ్గరికి వచ్చింది. ముందుకాలు గడపకి తగిలింది. మళ్లీ లేచింది, మళ్లీ తగిలింది. అంత ఎత్తు కాలు ఎత్తడం దానికి రాదు. మా కొలతల్లో గడప సంగతి మాకిద్దరికీ తట్టలేదు.

సంఘపెద్ద గొంతు సవరించుకున్నారు. "మాస్టారూ, గడప దాటదాండీ?"

మావారు నోరు తెరిచేలోగా అత్తగారు అందుకున్నారు: "తూర్పు దేశం నుంచి బాలయేసుని చూడొచ్చిన జ్ఞానులు ఒంటెల్ని గడపలు దాటించారా ఏంటి? లోపలే పెట్టి మొదలెట్టండి. లోపల గడపలు లేవుగా."

సంఘపెద్ద ఒంటె చుట్టూ ఒకసారి తిరిగి, వంగి, గోనెపట్టా ఎత్తి చూశారు. "ఆ కర్ర ఏంటండీ లోపల?"

"నాది" అన్నారు అత్తగారు. "ఏడాదిన్నర నుంచి చపాతీలు గ్లాసుతో ఒత్తుతున్నా."

"అయితే ఇరవై అయిదు దాకా గ్లాసుతోనే ఒత్తండి" అన్నారాయన. ఒంటె నాటకంలో ఉన్నట్టే.

మర్నాడు పొద్దున స్కూలుకి వేళవుతోంది. నేను క్యారియర్లు సర్దుతున్నాను. పెరట్లో అద్దం ముందు మావారు గడ్డం గీసుకుంటున్నారు. మొదట ఊదినట్టుగా, తర్వాత స్పష్టంగా, ఈల వినపడింది. వంటింట్లో అత్తగారి చేతిలో గ్లాసు ఆగింది. నా వంక చూసి, పెరటివైపు తల ఊపారు. ఈల మధ్యలో ఆపి ఆయన కేకేశారు:

"ఇదిగో, నీ స్కేలు పట్టుకుని సాయంత్రం చర్చి దగ్గరికి రా. ఆ గడప ఎత్తు కొలవాలి. వచ్చే ఏటికి మోకాళ్లు మారుస్తా."

"ఇంకో కర్ర కొనుక్కోవాల్సిందే" అని అత్తగారు మళ్లీ చపాతీ ఒత్తసాగారు.