పడవ డబ్బులు

బస్సులో కండక్టర్‌కి డబ్బులిచ్చేటప్పుడు నా చెయ్యి వణుకుతుంది. వయసు వల్ల అనుకుంటారు మా వాళ్ళు. కాదు. పెళ్ళయిన కొత్తలోనూ వణికేది. కారణం మా ఆయనకు చెప్పలేదు, ఆయన పోయేదాకా చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, ఆ ధైర్యంతోనే ఇది మొదలుపెట్టాను. ఇన్నేళ్ళు మోసింది దించాలంటే ఎవరో ఒకరు ఎదురుగా ఉండాలి కదా. సగంలో లేచిపోతే తప్పు పట్టను.

దివిసీమకు ఉప్పెన వచ్చిన ఏడాది. మాది గుడివాడ. బి.ఏ. అయ్యాక బందరులో పిన్ని ఇంట్లో ఉండి టైపు నేర్చుకుంటున్నాను. ఇంగ్లీషు గడగడా మాట్లాడతానని వీధిలో పేరు. ఆ పేరంటే నాకు మహా ఇష్టం. అదే వీధిలో అద్దకం బట్టల వ్యాపారం చేసే మస్తాన్ గారు ఒకరోజు వచ్చి, పెడనలో అద్దకం చూడడానికి ఒక దొరసాని వచ్చిందనీ, భాష తెలియక అవస్థ పడుతోందనీ, తోడుగా ఆడపిల్ల ఉంటే బాగుంటుందనీ పిన్నిని అడిగారు. పిన్ని నా వైపు చూసే లోపలే నేను చెప్పులు వేసుకున్నాను.

ఆవిడ పేరు రాయను. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఊళ్ళు చూడడానికి బయలుదేరిన మనిషి. ఆవిడకు ఒకటే పట్టుదల, ఏ బస్సెక్కినా తన టికెట్ డబ్బులు తనే ఇవ్వాలి. మన సంగతి మీకు తెలుసుగా. పెడన బస్సులో ముక్కూ మొహం తెలియని పెద్దాయన ఒకాయన ఆవిడకు టికెట్ తీసేశాడు. అతిథి కదా అని ఆయన మర్యాద. ఆవిడ మాత్రం ఏడుపు మొహం పెట్టింది. "నేను ఎవరి ఖర్చు మీదా తిరగడానికి రాలేదు, ఆయనకు చెప్పు" అంది. అప్పటినుంచి డబ్బులు నా చేతికిచ్చేది. కండక్టర్‌కి నేనివ్వాలి, టికెట్టూ చిల్లరా నేను తెచ్చివ్వాలి. ఒక్కసారైనా లెక్క చూసుకోలేదు. నన్ను అంతగా నమ్మింది.

తర్వాత ఉప్పెన. దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. బస్సులు మళ్ళీ తిరగడం మొదలుపెట్టగానే ఆవిడ తన దేశం వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. దివిలో బట్టలూ బియ్యమూ పంచేవాళ్ళతో కలిసింది. నన్నూ రమ్మంది. నేను జాలితో వెళ్ళానా? జాలి ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ తెల్లమ్మాయి పక్కన నడుస్తుంటే నలుగురూ నావైపు తిరిగి చూసే ఆ చూపు కోసం కూడా వెళ్ళాను. ఏది ఎంతో ఇప్పుడు విడదీయలేను.

నాగాయలంక దాటాక ఒక పాయ అవతల లంకకు పడవ మీద వెళ్ళాలి. పడవవాడు నాంచారయ్య. భార్యనూ కోడలినీ నీళ్ళు తీసుకుపోయాయి. పడవను తీసుకెళ్ళి తుమ్మచెట్ల మధ్యకు విసిరేశాయి. పగిలిన చోట రేకుముక్క కొట్టి, తారు పూసి, మళ్ళీ రేవులోకి దించాడు. ఒక చేత్తో గెడ వేస్తూ, మరో చేత్తో డబ్బాతో నీళ్ళు తోడి పోస్తూ ఉండేవాడు.

మొదటి రోజు అవతల ఒడ్డున ఆవిడ బట్టల మూటతో ముందు దిగిపోయింది. దిగుతూ ఐదు రూపాయల నోటు నా చేతిలో పెట్టింది. నేను నాంచారయ్యకు ఇవ్వబోయాను. ఆయన చెయ్యి చాపలేదు.

"చావింటికి పలకరింపుకొచ్చేవోళ్ళ దగ్గర పడవ డబ్బులు తీసుకోమమ్మా. మా నాయన నాటి నించీ అంతే. ఇప్పుడు ఈ సీమంతా చావిల్లే గదా."

పరుగెత్తుకెళ్ళి ఆవిడకు చెప్పాల్సిన మాట. ఒక్క ముక్క. ఎందుకు చెప్పలేదు? చెబితే ఆవిడ ఒప్పుకోదు, బలవంతాన ఆయన చేతిలో కుక్కుతుంది, ఆయన బాధపడతాడు, సాయంత్రం నిదానంగా చెబుదాం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సాయంత్రం ఆవిడే అడిగింది, ఇచ్చావా అని. ఇచ్చాను అన్నాను. ఇంత తేలికగా వస్తుందా అబద్ధం అని నాకే ఆశ్చర్యం వేసింది. మర్నాడు మళ్ళీ నోటు ఇచ్చింది. ఈసారి నాంచారయ్య వైపు చెయ్యి చాపనైనా లేదు. నేరుగా నా పర్సులోకి వెళ్ళింది. మిగతావాళ్ళు డబ్బులివ్వకుండా దిగిపోవడం ఆవిడ గమనించి అడిగితే, ఊరివాళ్ళు డబ్బులకు బదులు కోతలప్పుడు ఆయనకు ధాన్యం కొలుస్తారని కథ అల్లాను. ఇలా పోగైన డబ్బుతో, ఒక ఆదివారం గుడివాడ వెళ్ళినప్పుడు, గులాబి పువ్వుల వాయిల్ చీర కొనుక్కున్నాను. ఆ రోజుల్లో దివిలో ఏ తుమ్మచెట్టు చూసినా నీళ్ళలో పోయినవాళ్ళ చీరలు చుట్టుకుని ఉండేవి. వాటి కిందుగా నడిచి వచ్చి, నేను అంచు బాగుందా లేదా అని షాపులో బేరమాడాను.

పస్తులుండి తీసిన చెయ్యి కాదు నాది. పిన్ని ఇంట్లో రెండు పూటలా తిండి ఉంది. ఇది మీరు గుర్తు పెట్టుకోవాలి. నేను మర్చిపోవాలని చాలా ప్రయత్నించాను.

ఒకరోజు బస్సులో ఇంగ్లీషు వచ్చిన ఉద్యోగి ఎవరో ఆవిడతో మాటల్లో, ఆ రేవు దాటడానికి మామూలుగా పావలాయే అని చెప్పాడు. ఆవిడ అప్పుడు నన్నేమీ అనలేదు. నా మీద అనుమానం రాలేదు మరి. నామీద పడాల్సిన అనుమానం కాస్తా పోయి నాంచారయ్య మీద పడింది. పడవ పాయ మధ్యకు వచ్చాక నా వైపు తిరిగింది. మొహం కందిపోయి ఉంది.

"పావలా రేవుకు మన దగ్గర రోజూ ఐదు రూపాయలు ఎందుకు తీసుకున్నాడో అడుగు. జవాబు ఆయన నోటితోనే వినాలి."

నేను నాంచారయ్య వైపు తిరిగాను. మాట తడుముకోకుండా వచ్చింది.

"నాంచారయ్యగారూ, రోజూ మమ్మల్ని దాటిస్తున్నందుకు ఈవిడ మీకు దణ్ణం పెడుతున్నానని చెప్పమంటోంది."

ఆయన గెడ ఆపేశాడు. దాన్ని చంకలో ఇరికించుకుని, తల వంచి, రెండు చేతులూ జోడించాడు.

"ఎంత మాటమ్మా! దణ్ణం నేను పెట్టాల. ఎక్కడినించో మాకోసం వచ్చిన తల్లి. నా వల్ల ఏదన్నా తప్పు జరిగితే మనసులో పెట్టుకోవద్దని చెప్పండి."

"ఏమంటున్నాడు?"

"తప్పు జరిగిందట. మనసులో పెట్టుకోవద్దంటున్నాడు."

ఆవిడ ఆ జోడించిన చేతుల వైపు కాసేపు చూసి, మొహం తిప్పుకుంది. నాంచారయ్య నవ్వుతూ మళ్ళీ గెడ అందుకున్నాడు.

అక్కడితో పోయినా బాగుండేది. ఆవిడ పని చేసే చోటే, పడవలు పోయినవాళ్ళకు కొత్త పడవలు ఇస్తున్నారు. నాంచారయ్యకు ఒకటి ఇప్పిస్తానని ఆవిడ అంతకుముందే అనుకుంది. ఇప్పుడు వద్దని చెప్పింది. "చచ్చిపోయినవాళ్ళను అడ్డం పెట్టుకుని సంపాదించే మనిషికి ఎలా ఇమ్మంటాను, నువ్వే చెప్పు" అని నన్నే అడిగింది. నిజమే అన్నాను. ఆ పడవ వేరే రేవుకు వెళ్ళిపోయింది.

నాంచారయ్య నాగాయలంకలో బస్సు దగ్గరికి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. "అమ్మాయిగారూ, మీరొక మాట చెప్తే ఆవిడ వింటది. ఈ పడవ ఇంక ఎన్నాళ్ళో ఆగదు" అన్నాడు. చెప్తానన్నాను. చెప్పలేదు. ఎలా చెబుతాను? అది చెప్పాలంటే అంతా చెప్పాలి. కొన్నాళ్ళకు ఆవిడ వెళ్ళిపోయింది. బందరు బస్టాండులో నన్ను గట్టిగా కౌగలించుకుంది. కండక్టర్‌తో, నేను నేర్పిన తెలుగులో, "ఒక టికెట్ ఇవ్వండి" అని తనే అడిగి తీసుకుంది.

పెళ్ళయ్యాక ఒకసారి మా ఆయనతో కలిసి చేపల కోసం గిలకలదిండి వెళ్ళాను. ఐసుగడ్డల గంప నెత్తిన పెట్టుకుని ఒక ముసలాయన ఎదురొచ్చాడు. నేను గుర్తుపట్టేలోపే ఆయన గుర్తుపట్టాడు. గంప దించి, పక్కనున్నవాళ్ళను కేకేసి పిలిచి, ఉప్పెనప్పుడు మా దగ్గరికి వచ్చిన అమ్మాయిగారని గొప్పగా చెప్పాడు. మా ఆయన సంతోషంగా నా వైపు చూశారు. భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

పడవ ఏమైందని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ముక్కలైపోయిందమ్మా. కొత్తది మన రాతలో లేదు. మీరైతే చెప్పే ఉంటారు, వాళ్ళకే కుదర్లా. చెప్పారు గదా మీరు?"

"చెప్పాను" అన్నాను.

"అదే చాలమ్మా" అన్నాడు. గంప ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆ "అదే చాలు" నన్ను తిన్నంతగా మరేదీ తినలేదు. తిట్టినా భరించేదాన్నేమో. నిజం చెప్పమన్నట్టే నాంచారయ్య ఎదురుగా నిలబడి అడిగాడు, పక్కన మా ఆయన ఉన్నారని వెనక్కి తగ్గాను. మా ఆయన పక్కన లేకపోతే చెప్పేదాన్నా? ఏమో. ఆ తర్వాత గిలకలదిండి వైపు వెళ్ళనే లేదు. ఇప్పుడు వెతికినా నాంచారయ్య ఉండడు. ఆవిడ ఎక్కడుందో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అందుకు మీరు హక్కుదారులు కారు.

పడవలో ఆవిడ అడిగినదానికి జవాబు మాత్రం చెబుతాను. నాంచారయ్య మా దగ్గర ఏ రోజూ ఒక్క పైసా తీసుకోలేదు. తీసుకున్నది నేను. రాశాక చూస్తే ఇంత చిన్న మాట.