ఉన్ని తొడుగుల తెయోఫిలా

మా ఊరి పురభవనం మేడమీద ఒక సభామందిరం ఉంది. దాని ఓక్ చెక్క నేల వయసు నాలుగు వందల ఏళ్ళు. జోళ్ళతో తొక్కకూడదు. ఎంతటి మారాజయినా సరే, గుమ్మం ముందు బెంచీమీద కూర్చుని, జోళ్ళ మీద బూడిదరంగు ఉన్ని తొడుగులు తొడుక్కుని, జారుకుంటూ లోపలికి పోవాలి. ఆ తొడుగులు ఇచ్చేది తెయోఫిలా. పక్క బల్ల దగ్గర టిక్కెట్లు చింపేవాణ్ణి నేను.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆవిడ మనిషి ముఖం చూసి మాట్లాడగా నేను చూడలేదు. జోళ్ళే చూసేది.

"నలభై రెండు. ఎడమ మడమ అరిగిపోయింది, నడుము నొప్పా?" అని ఓ జత విసిరేది. ఒకసారి ఆ మందిరంలోనే పెళ్ళి చేసుకోవడానికొచ్చిన ఒక పెళ్ళికూతురు, తెల్లజోళ్ళ మీద ఇవేం ఖర్మని ఏడ్చింది. "ఏడువమ్మా, ఎవరొద్దన్నారు? తొడుక్కుని ఏడువు," అంది తెయోఫిలా. మా ఊళ్ళో సగం పెళ్ళిఫోటోల్లో గౌను అంచు కింద ఆ బూడిదరంగు కనిపిస్తూనే ఉంటుంది.

రోజూ పొద్దున్నే వాటిని పెరట్లో తివాచీలు దులిపే కమ్మీ మీద వేసి, మొగుణ్ణి తిట్టుకుంటూ బాదేది. మొగుడు పోయి పన్నెండేళ్ళయింది. తిట్లు మాత్రం పోలేదు.

పోయిన శరదృతువులో పురభవనానికి కొత్త డైరెక్టరు వచ్చాడు. ఆయనకి ఆ తొడుగులు కంటగింపు. నడిచే దారంతా చాప పరిచేస్తే తొడుగులూ అక్కర్లేదు, తొడుగుల బల్లా అక్కర్లేదు అన్నాడు. తెయోఫిలాకి పింఛను రావడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆ వయసులో ఇంకెవరు పనిస్తారు? ఆవిడ తిన్నగా ఆయన గదికి వెళ్ళింది.

"నన్నడక్కండి, నేలని అడగండి. నా పని ఎలాంటిదో అదే చెబుతుంది."

ఆయన సరేనన్నాడు. తొడుగుల వల్ల నేలకి మేలే జరిగిందని తేలితే బల్ల ఉంటుంది.

నవంబరులో హలీనా అనే చెక్కనేలల నిపుణురాలు వచ్చింది. మూడు రోజులు ఆ నేలమీద పాకుతూ కొలతలు తీసింది. తెయోఫిలా రోజూ ఆమెకి గసగసాల రొట్టె ముక్క పెట్టింది.

"లంచమా?" అన్నాను.

"ఇది లంచమైతే ఊరంతా జైల్లోనే ఉండాలి, జెనోన్."

నాలుగోరోజు హలీనా మా ఇద్దర్నీ పక్కగదిలో బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఒక తొడుగుని తెల్లకాగితం మీద తిరగేసి తట్టింది. ఇసుక రాలింది.

"జోళ్ళకంటిన ఇసుక ఉన్నిలో ఇరుక్కుపోతోందమ్మా. ఎంత బాదినా పూర్తిగా పోదు. వీటితో నడవడమంటే నేలని గరుకు కాగితంతో రుద్దడమే. ఉత్త జోళ్ళతో తొక్కినా ఇంత అరిగేది కాదు."

కంచే చేను మేసిందన్నమాట. తెయోఫిలా ఆ ఇసుకని చిటికెడు తీసుకుని వేళ్ళమధ్య నలిపి చూసింది.

"రోజూ దులిపానే," అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది.

హలీనా లేచి తలుపు మూసింది. "ఈ కాగితం నేను చూడనట్టే. ఇంకో ఏడాదిన్నర కొలతలు తీయాలి, అప్పటిదాకా ఏదీ మార్చొద్దని రాసేస్తాను. ఈలోగా మీ పింఛను వచ్చేస్తుంది."

నేను బల్లకింద నుంచి తెయోఫిలా కాలు తన్నాను.

"ఏడాదికి ఎంతమంది నడుస్తారు జెనోన్?" అందావిడ.

"నలభై వేలు. సరేననండి ముందు!"

"ఉన్నదున్నట్టు రాసెయ్యమ్మా."

"పద్నాలుగు నెలలండీ, తెయోఫిలా గారూ!" అన్నాను.

"అవి నా నెలలు. ఆ నేలకింకా చాలా ఏళ్ళుండాలి."

బయట రిటైరైన పంతుళ్ళ గుంపొకటి బెంచీమీద కూర్చుని తొడుగుల కోసం చేతులు చాపింది. తెయోఫిలా బల్ల వెనక్కి వెళ్ళి నిలబడింది.

"తొడుగులు లేవు. జోళ్ళు విప్పి, మేజోళ్ళతో వెళ్ళండి."

ఒక ముసలాయన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "నా మేజోడుకి చిల్లుందమ్మా."

"మీకుంది, నేలకి లేదు. విప్పండి," అంది తెయోఫిలా, కళ్ళు తుడుచుకుంటూ.