రెక్క పక్క కిటికీ

తాతయ్య బస్సు కండక్టరుగా ఉన్నన్నాళ్లూ నిలబడే ప్రయాణం చేశాడు. అయినా ఏ సీటు సంగతి ఏమిటో ఆయన్నే అడగాలి. ముసలివాళ్లు వెనక చక్రాల మీద కూర్చుంటే ఆయన ప్రాణం ఒప్పేది కాదు. "మధ్యలోకి రండి, కుదుపులుండవు" అని లేపి మరీ తెచ్చేవాడు. బస్సు గోడ మీద ఒక్క చరుపు చరిస్తే బండి ఆగాలి, రెండు చరిస్తే కదలాలి. ఆయన రాజ్యం అంతే.

అమ్మమ్మ ఎడమ కంటి చూపు నిరుడే ఆరిపోయింది. కుడి కంటికి రేపు దూరపు ఊళ్లో ఆపరేషన్. చూపు దక్కుతుందని మాట ఇవ్వలేనని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. అమ్మమ్మ ఏడవలేదు. తాతయ్యని ఒక్కటే అడిగింది.

"ఉప్పుమళ్లు పైనుంచి చూడాలండీ. పెళ్లయ్యేదాకా వాటిల్లో వంగి పనిచేసినదాన్ని. మొత్తం ఎలా ఉంటాయో ఎప్పుడూ చూడలేదు."

విమానం దిగబోయే ముందు ఆ మళ్ల మీదుగానే వెళ్తుందట. కుడివైపు కనిపిస్తాయట. ఇదంతా తాతయ్య పదిమందిని అడిగి తెలుసుకున్నాడు. కౌంటరులో అమ్మాయి "ముందు కావాలా, వెనక కావాలా?" అంటే, ఇంకా అడగడం నామోషీ అనిపించి, "కుడి కిటికీ. సరిగ్గా మధ్యలో" అన్నాడు దర్జాగా.

ఎక్కాక అమ్మమ్మ మొహం అద్దానికి ఆనించింది.

"ఏమండీ, ఎవరో రేకుల షెడ్డు వేసినట్టుందేంటి?"

తాతయ్య తొంగిచూశాడు. రెక్క. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా రెక్కే.

"కదిలాక అది పక్కకి జరుగుతుందా?"

"జరిగితే మనం పోతాం. నోరు మూసుకో" అన్నాడు. కళ్లు మాత్రం పైనున్న సీటు బెల్టు దీపం మీదే ఉన్నాయి.

బెల్టు దీపం ఆరగానే తాతయ్య కుడి కిటికీ సీటు మార్చుకోమని అడుగుతూ సీట్ల మధ్య దారిన పడ్డాడు. కోటు వేసుకున్నాయన చెవుల్లో తీగలు తియ్యకుండానే తల అడ్డంగా ఊపాడు. ఆ వెనకావిడ ఒళ్లో పసిబిడ్డ అప్పుడే కునుకు తీస్తోంది. ఇంకొకాయన "ముందే చూసుకోవాలి కదండీ" అన్నాడు. జీవితమంతా తాతయ్య ప్రయాణికులని కసిరిన మాటే అది. సూదిలా దిగింది.

"సార్, కాసేపట్లో దిగిపోతున్నాం. వెళ్లి కూర్చోండి" అంది విమానంలో పనిచేసే అమ్మాయి.

"తల్లీ, మా ఆవిడకి ఇదే ఆఖరి చూపు కావచ్చు. కావాలంటే నన్ను ఆ రెక్క మీద కూర్చోబెట్టు!"

చిట్టచివరి వరుసలో, కుడి కిటికీ దగ్గర ఒక లావుపాటాయన తెర దించేసి, కళ్లు మూసుకుని, చెమటలు కక్కుతున్నాడు. తాతయ్య నోరు తెరవకముందే లేచాడు. "నాకు కిటికీ అంటేనే భయం. తీసుకోండి బాబూ."

వెనక సీటు. ముసలివాళ్లని ఎన్నడూ కూర్చోనివ్వని సీటు. తాతయ్య అమ్మమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అందులోనే కూర్చోబెట్టాడు. ఆ పక్కన ఖాళీ లేదు.

"కనిపిస్తే గోడ మీద రెండు చరుపులు చరుచు. కండక్టరు పెళ్లానివి, ఆమాత్రం చేతకాదా?"

తిరిగొచ్చి రెక్క పక్కన కూలబడ్డాడు. లావుపాటాయన పక్కసీట్లో కూర్చుని భయంతో తాతయ్య చెయ్యి నలిపేస్తున్నాడు. బెల్టు దీపం వెలిగింది. విమానం కుదిపింది. వెనక సీట్లో ఇంకెంత కుదుపో! రెక్క అవతల అంతా తెల్లటి మబ్బే. మళ్లు దాటిపోయాయా? మబ్బు మింగేసిందా? వెనక్కి తిరిగితే తలకాయలే తలకాయలు. గొంతు చించుకుని "ఆపండి" అన్నా ఆగే బండి కాదు ఇది.

టప్.

ఒక్కటే. తాతయ్య రెండోదాని కోసం చెవులు రిక్కించాడు. ఒక్క చరుపంటే ఆగిపోవడమే. మళ్లు కనిపించలేదనేగా.

టప్. టప్ టప్ టప్ టప్! ఇక ఆగలేదు. బస్సయితే డ్రైవరు ఈపాటికి దిగి పారిపోయేవాడు. "అమ్మా, కొట్టకండి!" అని విమానంలో అమ్మాయి కూర్చున్నచోటి నుంచే అరుస్తోంది.

"ఏంటండీ ఆ చప్పుడు? పడిపోతున్నామా?" అన్నాడు లావుపాటాయన.

కళ్లు తుడుచుకుందామని తాతయ్య చెయ్యి లాక్కోబోయాడు. ఆయన వదల్లేదు.

"కాదు బాబూ" అన్నాడు తాతయ్య. "ఉప్పు."