నాలుగున్నర అడుగుల ఎత్తున నీలి ఆర్కిడ్

1998 జూన్‌లో నన్ను వృక్షశాస్త్రం లెక్చరర్‌గా మచిలీపట్నంలోని ఒక డిగ్రీ కాలేజీకి బదిలీ చేశారు. ఆగస్టు 6న మొక్కల నమూనాల కోసం దివిసీమలో తిరుగుతూ, మోపిదేవి దాటాక ఒక పంటకాలువ గట్టున, నేరేడు చెట్టు మాను మీద ఆర్కిడ్ మొక్కను చూశాను.

ఊళ్లో దీన్ని బదనిక అంటారు గాని, ఇది చెట్టు రసం తాగదు. వేళ్లతో బెరడును పట్టుకుని, వాన మీదా తేమ మీదా బతుకుతుంది. బెరడే దానికి నేల. ఈ జాతి పూలు మామూలుగా కాఫీ రంగులో ఉంటాయి. ఒక్క రేకు మాత్రం నీలం. దీనికి రేకులన్నీ నీలమే. పదకొండు ఆకులు, ఆరు పూలు, ఒక కాయ. చుట్టుపక్కల ఇరవై ఏడు చెట్లు వెతికాను, ఇంకొకటి కనబడలేదు. ఆ కాయ పండి విత్తనం రాలాలంటే ఇంకా నాలుగు నెలలు పట్టేది.

ఆ గట్టు మీద తూములు చూసే లస్కరు నాంచారయ్య గారు నా కొలతలన్నీ అయ్యాక అడిగారు.

“ఇదంతా పైకి రాస్తారా మేడమ్ గారూ?”

“రాయకపోతే ఎవరైనా చెట్టు కొట్టేస్తారండీ.”

“చెట్టుకి నేనున్నాను కదండీ. మీరు కాగితం పంపితే జీపు వస్తుంది. జీపొస్తే అందులోంచి మనుషులు దిగుతారు.”

నేను రాశాను. అటవీ శాఖకు రెండు పేజీల నివేదిక. మొక్క సులువుగా దొరకాలని నేల నుంచి నాలుగున్నర అడుగులని ఎత్తు కూడా ఇచ్చాను.

గట్టు ఒక శాఖది, చెట్టు ఇంకో శాఖది. చెట్టు మీది మొక్క ఎవరిదో తేలడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. తేలాక రక్షణ మంజూరైంది. రక్షిత వృక్షానికి నంబరు ఉండాలి. నంబరు వేసే పద్ధతి ఏమిటంటే, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున జానెడు మేర బెరడు చెక్కి, ఆ చోట ఎర్రరంగుతో అంకెలు రాయాలి.

సెప్టెంబరు 14న జీపు వచ్చింది. ఫారెస్టు గార్డు మొక్కను జాగ్రత్తగా ఊడదీసి, బెరడు చెక్కి, నంబరు వేసి, రంగు ఆరాక మొక్కను నైలాన్ తాడుతో నంబరు కిందే కట్టాడు. నాంచారయ్య గారు అడ్డుపడ్డారట.

“ఆ పక్కన వేయొచ్చు కదయ్యా నంబరు?”

“రోడ్డు వైపే కనబడాలి బాబాయ్. రూలు.”

“అయితే మొక్కకి చెప్పాల్సింది, అటు మొలవమని.”

వేళ్లు తెగిన మొక్క కాయను మోయలేదు. అక్టోబరు 11న, అంటే ఇరవై ఏడో రోజున, కాయ పచ్చిగానే రాలింది. ఆ నెలాఖరుకి ఆకులూ ఎండాయి. నవంబరులో రక్షణ చర్యలు పూర్తయినట్టు ధ్రువీకరించమని నాకు ప్రొఫార్మా వచ్చింది. ‘మొక్క స్థితి’ అన్న చోట ‘చనిపోయింది’ అని రాసి పంపాను. నంబరు స్పష్టంగా ఉందో లేదో రాయలేదని తిప్పి పంపారు. వెళ్లి చూశాను. స్పష్టంగానే ఉంది.

తప్పు నాదే. నేను రక్షణ కోరాను. ఆ మొక్కకి కావలసింది నాలుగు నెలలు ఎవరూ ముట్టుకోకపోవడం. దానికి ఏ ఆఫీసులోనూ ప్రొఫార్మా లేదు. ఆ తర్వాత మిగిలిన పదకొండేళ్ల సర్వీసులో ఏ మొక్క గురించీ పైకి రాయలేదు. ఎక్కడైనా అరుదైన మొక్క కనబడితే, ఆ గట్టు లస్కరు ఎవరో కనుక్కుని, ఆయనకు చెప్పి వచ్చేదాన్ని.