ఎలుక కొరికిన మూల

ఆ ఇంట్లోకి పియానో ముందొచ్చిందా, కోడలు ముందొచ్చిందా అంటే, రెండూ ఒకే లారీలో వచ్చాయి. పియానో గుమ్మంలో పట్టకపోతే తలుపు ఊడదీయించి మరీ లోపలికి తోయించింది అత్తగారు. ఇంత బరువు వెంట తెచ్చుకున్న పిల్ల ఇక అలిగి పుట్టింటికి పోలేదని మురిసిపోయింది కూడా. అప్పటినుంచీ కోడలు కచేరీకి కూర్చుంటే పక్కన నిలబడి కాగితాలు తిప్పేది ఆవిడే. సంగీతం రాత ఒక్క ముక్క చదవడం రాదు. కోడలు గడ్డం ఎత్తితే తిప్పాలి, అంతే. ఒకసారి తుమ్మబోయి ఎత్తినా తిప్పేసింది.

కోడలు వాయించడంతో ఆగితే బాగుండేది. పాతకాలంలో ఆడవాళ్ళు రాసిన సంగీతాన్ని వెతికి తీసి జనానికి వినిపించడం ఆమెకు పట్టిన పిచ్చి. ఏ గ్రంథాలయంలో ఏ బీరువా అడుగున ఏ ఇల్లాలి కాగితాలు మగ్గుతున్నాయో ఆమెకు తెలుసు, సొంత వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదు. ఆమె ఇంట్లో కనబడకపోతే మరుదులు ఏ ఊళ్ళో ఉందని కాదు, ఏ శతాబ్దంలో ఉందని అడిగేవారు.

అయిదేళ్ళుగా ఆమె ఒకే రచన వెంట పడింది. వందేళ్ళ కిందటిది, ఒక పెద్ద సంగీతకారుడి పేరున చెలామణీ అవుతోంది. రాసింది ఆయన కాదు, ఆయన భార్య అని ఆమె నమ్మకం. నమ్మకం సరే, రుజువేదీ? చేతిరాతను బట్టి తేలదు, ఎందుకంటే భర్తగారి రాతలన్నిటికీ ఆ ఇల్లాలే సాపు ప్రతి రాసిపెట్టేది. పైగా కచేరీ పెట్టిస్తున్న సంగీత సభ అధ్యక్షుడు ఆ పెద్దమనిషి మీద లావుపాటి జీవితచరిత్ర రాసినవాడు. మాటకు ముందు "ఆధారం?" అంటాడని అందరూ ఆయన్ని ఆధారంగారనే పిలుస్తారు. కచేరీ కరపత్రం శుక్రవారం అచ్చుకు పోతుంది, ఆలోగా రుజువు తెస్తే భార్య పేరు, లేకపోతే భర్త పేరు అని ఆయన తేల్చేశాడు. కోడలికి అన్నం సహించలేదు. ఆయన పేరు కింద వాయిస్తే ఆ ఇల్లాలి నోరు తన చేతులతోనే నొక్కినట్టని ఏడ్చింది.

ఆ రచనలో ఒక వింత ఉంది. మధ్యమధ్య ఎడమచెయ్యి ఉన్నట్టుండి ఆగిపోతుంది. కుడిచెయ్యి ఒక్కటే కిందికీ పైకీ పరుగులు తీస్తూ రెండు చేతుల చాకిరీ చేస్తుంది. ఇది ఒక మహా సాహసమని ఆధారంగారు పదకొండు పేజీలు రాశాడు. ఆఖర్న ఎడమచెయ్యి తిరిగొస్తుంది. అక్కడ "మెల్లిగా, ఇంకా మెల్లిగా" అని ఉంటుంది. ముగింపు మోగకపోతే ఎలాగని కోడలు అక్కడ గట్టిగానే వాయించేది.

గురువారం, చివరిసారిగా అసలు ప్రతి చూసొద్దామని ఆమె గ్రంథాలయానికి బయల్దేరితే అత్తగారూ వెంటపడింది. గుమాస్తా కట్ట విప్పి, మూలలు జాగ్రత్త అన్నాడు. జాబితాలో "ఎలుక కొరికినది" అని రాసి ఉంది. అయిదేళ్ళలో కోడలి చూపు స్వరాలు దాటి మూలల దాకా ఏనాడూ పోలేదు. అత్తగారికి స్వరాలు తెలియవు కాబట్టి మూలలే చూసింది. కళ్ళజోడు సర్దుకుని ఇంకో కాగితం చూసింది. ఫక్కున నవ్వింది.

"ఎలుకేంటి, నా మొహం. పళ్ళొస్తున్న పిల్ల కొరికింది. కిందివి రెండే వచ్చాయి, పైవి ఇంకా రాలేదు. ఆరుగుర్ని పెంచాను, మా ఇంట్లో ప్రతి తువ్వాలూ ఇలాగే ఉండేది."

గాట్లన్నీ ఎడమవైపు కింది మూలనే ఉన్నాయి. కోడలు కాగితాలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. మూల కొరికిన కాగితాల్లోనే ఎడమచెయ్యి లేదు. మిగతావాటి మూలలు చెక్కుచెదరలేదు.

"పిల్ల ఎడమ చంకలో ఉంటే ఎడమచేత్తో ఏం వాయిస్తుంది? నేను ఒంటిచేత్తో వండలేదూ?" అంది అత్తగారు. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికావు కదమ్మా."

కోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. గుమాస్తా "నిశ్శబ్దం" అన్న బోర్డు చూపించాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఆధారంగారి గదిలో ఆ కాగితాల ఫోటోలు పరిచారు. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. పిల్ల ఉన్న మాట నిజమే అన్నాడు. అయితే ఆ పిల్లను ఎత్తుకున్నది తండ్రే ఎందుకు కాకూడదన్నాడు. కోడలు ఆయన రాసిన పుస్తకమే తెరిచి, నలభయ్యో పేజీ చదివింది.

"రచన సాగుతున్నంతసేపూ ఆ మహనీయుడు పిల్లలను తన గది గడప తొక్కనిచ్చేవాడు కాదు."

ఆధారంగారు తన వాక్యాన్ని తానే రెండుసార్లు చదువుకున్నాడు. అది ఆ మహనీయుడి కొడుకే స్వయంగా చెప్పిన సంగతనీ, దానికి గట్టి ఆధారం ఉందనీ, పాపం, ఆయనే ఒప్పుకోవలసి వచ్చింది. తర్వాత అచ్చాఫీసుకు ఫోన్ చేసి ఆ ఇల్లాలి పేరు ఒక్కో అక్షరమే విడదీసి చెప్పాడు. అవతలివాళ్ళకు సరిగా వినబడక మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. ఎన్నిసార్లు విన్నా కోడలికి తనివి తీరలేదు.

కచేరీ నాడు, ఎడమచెయ్యి ఆగిన చోటల్లా కోడలు దాన్ని ఒళ్ళో పడేయకుండా మోచెయ్యి మడిచి నడుముకు ఆనించి ఉంచింది. అది చూస్తూ అత్తగారు కాగితం సంగతే మరిచిపోతే, పాపం కోడలు రెండుసార్లు గడ్డం ఎత్తింది. ఆఖరి కాగితం వచ్చింది. ఎడమచెయ్యి తిరిగి పియానో మెట్ల మీదికి వెళ్ళింది. అలవాటు చొప్పున వేళ్ళు బిగుసుకున్నాయి. అత్తగారు కాగితం తిప్పుతూ ఆమె చెవి దగ్గరికి వంగింది.

"నెమ్మది. ఇప్పుడే పడుకుంది."

కోడలు మెల్లిగా వాయించింది, ఇంకా మెల్లిగా.